సోలెడు బియ్యం

(డాక్టరు గారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఊళ్లో ‘డాక్టరు గారు’ అంటే ఒక్కరే. మిగతా వాళ్లం ఎంతమందిమి ఉన్నా మమ్మల్ని పేరు పెట్టి ఫలానా డాక్టరు అంటారు. ఆయన్ని మాత్రం ఉత్త డాక్టరు గారనే అన్నారు, పోయాక కూడా అలాగే అంటున్నారు. నేనూ అలాగే అంటాను.

కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదువు ముగించుకుని వచ్చి నేను ఆయన దగ్గర రెండేళ్లు కూర్చున్నాను. ఆయన బల్ల మీద బీపీ మిషను, స్టెతస్కోపు, చీటీల పుస్తకం ఉండేవి. వాటి పక్కన ఒక ఇత్తడి సోల. మొదటి రోజు చూసి పెన్నులు పెట్టుకోవడానికేమో అనుకున్నాను. షుగరు రోగి వచ్చి కూర్చోగానే ఆయన ఆ సోలను ముందుకు జరిపేవారు. “ఇంట్లో ఎంతమందమ్మా? పూటకి దీనితో ఎన్ని పోస్తావు? అందులో ఈయన వాటా ఎంత?” అని పక్కనున్న ఇల్లాలిని అడిగేవారు. ఎంత తింటున్నావని రోగిని అడిగితే “కొంచెమేనండి” అంటాడు. గ్రాములు అడిగితే ఎవరికీ తెలియదు. సోల చూపిస్తే మాత్రం లెక్క తప్పదు. ముప్పై ఏళ్లుగా ఎసట్లో బియ్యం పోస్తున్న చెయ్యి అది.

ఆ సోల లోపలి వైపు మేకుతో గీసిన మూడు గీతలుండేవి. గిద్ద, రెండు గిద్దలు, మూడు గిద్దలు. ఏ గీత దాకానో చూసుకుని చీటీ రాసేవారు. చీటీలో మొదటి వరస మందు కాదు. ‘బియ్యం: ఒకటిన్నర గిద్ద, పగలు. రాత్రికి వద్దు’ అని ఉండేది. మాత్రలు దాని కింద. మళ్లీ నెల వచ్చినప్పుడు పై వరస మారితే కింది వరస కూడా మార్చేవారు. నేను ఈవేళ చెప్పదలచుకున్నదంతా ఆ రెండు వరసల మధ్యే ఉంది.

పిండిపదార్థాలు బాగా తగ్గించి తినడం, దానికంటే ఇంకా ముందుకు వెళ్లి, కొవ్వు ఎక్కువగా ఉండే కీటో ఆహారం తీసుకోవడం వల్ల రక్తంలో చక్కెర తగ్గుతుందా, ఒళ్లు బాగుపడుతుందా అని మీలో చాలామంది నన్ను అడిగారు. కొందరు ఇప్పటికే చేసి చూశారు. కొందరు నాతో చెప్పకుండా చేస్తున్నారు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు ఒక చిన్న లెక్క. మన ఒంట్లో నెత్తురు సుమారు 5 లీటర్లు. పరగడుపున డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల చక్కెర ఉంటే, మొత్తం నెత్తురులో ఉన్న చక్కెర 5 గ్రాములు. అంటే టీ చెంచాడు. ఇంగ్లండులోని సౌత్‌పోర్ట్‌లో డేవిడ్ అన్విన్ అనే డాక్టరు తన రోగుల కోసం ఏ తిండి ఎన్ని చెంచాల చక్కెరతో సమానమో బొమ్మలుగా గీయించాడు. 150 గ్రాముల అన్నం సుమారు 10 చెంచాలు. మన గోదావరి జిల్లాల్లో 150 గ్రాముల అన్నం పప్పులోకే సరిపోదు. తర్వాత కూరలోకి, పులుసులోకి, చివర పెరుగులోకి. ఒంటికి చెంచాడు కావాలి, మనం ఇరవై ముప్పై చెంచాలు దించుతున్నాం. దాన్నంతా గంటా రెండు గంటల్లో నెత్తురులోంచి తీసి కండరాల్లోకి, కాలేయంలోకి సర్దాల్సిన పని ఇన్సులిన్‌ది. ఆ పని అది చెయ్యలేకపోవడమే మన జబ్బు.

పళ్లెంలో తగ్గిస్తే నెత్తురులో తగ్గుతుందన్నది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు.  1797లో జాన్ రోలో అనే స్కాట్లండు సైనిక వైద్యుడు ఒక కెప్టెనుకు మాంసాహారమే ప్రధానంగా పెట్టి మూత్రంలో తీపి పోవడం చూసి రాశాడు. 1870లో ప్రష్యా సైన్యం పారిస్‌ను చుట్టుముట్టినప్పుడు నగరంలో తిండి కరువైంది. అక్కడి వైద్యుడు బుషార్దా తన మధుమేహ రోగుల మూత్రంలో చక్కెర తగ్గిపోవడం గమనించాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ పిల్లలకు కూడా రోజుకు నాలుగైదు వందల కేలరీలే ఇచ్చి బతికించేవాడు. బతికించడమంటే చావును కొన్నాళ్లు వాయిదా వెయ్యడమే. ఆ ఫొటోలు చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. చర్మం కప్పిన ఎముకలు.

అలాంటి పిల్లల్లో ఒకడు టొరంటోలోని లెనార్డ్ థాంప్సన్. 14 ఏళ్లు. ఆసుపత్రికి తెచ్చేసరికి 30 కిలోలు కూడా లేడు. 1922 జనవరి 11న అతనికి మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. మందు శుద్ధంగా లేక చీము పట్టింది, చక్కెర పెద్దగా తగ్గలేదు. కొలిప్ అనే రసాయన శాస్త్రవేత్త పగలూ రాత్రీ కూర్చుని దాన్ని శుద్ధి చేశాక జనవరి 23న మళ్లీ ఇచ్చారు. ఒక్క రోజులో 520 ఉన్న చక్కెర 120కి వచ్చింది. ఆ కుర్రవాడు మరో పదమూడేళ్లు బతికాడు. ఈ కథ చెప్పేటప్పుడల్లా డాక్టరు గారి గొంతు బొంగురుపోయేది. మందు మీద ఆయనకు కోపం లేదు. ఆహారమొక్కటే చాలనే మాట ఎవరైనా అంటే ముందు లెనార్డ్ బరువు ఎంతో చెప్పమనేవారు.

కాకపోతే ఇన్సులిన్ వచ్చాక ఒక మరుపు కూడా వచ్చింది. చక్కెర పెరిగితే మందు పెంచుదాం అన్న దారి తెరుచుకుంది. పళ్లెం వెనక్కి పోయింది. విచిత్రమేమంటే, ‘కీటోజెనిక్’ అనే మాటను ఆహారానికి తగిలించింది కూడా ఆ రోజుల్లోనే. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ల కోసం ఆ ఆహారాన్ని సూచించాడు. ఉపవాసంలో మూర్ఛలు తగ్గుతున్నాయి, ఎల్లకాలం పస్తుండలేరు కదా, తింటూనే ఒంట్లో ఉపవాస స్థితి తెప్పించగలమా అన్నది అతని ప్రశ్న. పిండి బాగా తగ్గించి కొవ్వు పెంచితే కుదిరింది. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ ఆ వైద్యం చేస్తున్నారు.

లోపల జరిగేది ఇది. రోజుకు పిండిపదార్థం 50 గ్రాముల లోపుకు దింపితే రెండు మూడు రోజుల్లో కాలేయంలో దాచుకున్న చక్కెర నిల్వ అడుగంటుతుంది. ఇన్సులిన్ తగ్గుతుంది. కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది, కాలేయం దాన్ని కీటోన్లుగా మారుస్తుంది. మెదడు చక్కెర తప్ప మరేదీ ముట్టదని చాలాకాలం అనుకున్నారు. 1967లో జార్జ్ కేహిల్ బృందం వారాల తరబడి ఉపవాసమున్న మనుషుల్ని పరీక్షించి, మెదడు తన ఇంధనంలో ఎక్కువ భాగం కీటోన్ల నుంచే తీసుకోగలదని చూపించింది. మన పూర్వులు కరువుల్లో బతికి బట్టకట్టింది ఈ ఏర్పాటు వల్లనే. ఇలా ఆహారం వల్ల వచ్చే కీటోసిస్‌లో రక్తంలో కీటోన్లు 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ దాకా ఉంటాయి. ఇన్సులిన్ బొత్తిగా లేనప్పుడు వచ్చే కీటో ఎసిడోసిస్‌లో అంతకు ఎన్నో రెట్లు పెరిగి నెత్తురు ఆమ్లమైపోతుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని రెండింటినీ ఒకటిగా చూడకూడదు. అలాగని మొదటిది ఎన్నడూ రెండోది కాదని ధీమా పడనూకూడదు. ఎందుకో చెబుతాను.

ఫలితాల మాట. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 23 పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి ప్రచురించింది. ఆరు నెలల దగ్గర, రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.5 కంటే కిందికి వచ్చినవాళ్లు పిండి తగ్గించిన వర్గంలో 57 శాతం, ఇతర ఆహారాల వర్గంలో 31 శాతం. ఇది చిన్న తేడా కాదు. ఏడాది దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ తేడా పలచబడింది. మనుషులు పాత పళ్లెం వైపు జరగడం దానికి ఒక కారణమని నా నమ్మకం. అమెరికాలోని ఇండియానాలో కీటో ఆహారంతో, రోజూ దూరం నుంచే డాక్టరు పర్యవేక్షణతో జరిగిన అధ్యయనంలో ఏడాదికి సగటు హెచ్‌బీఏ1సీ 7.6 నుంచి 6.3కి దిగింది. ఇన్సులిన్ వాడేవాళ్లలో అత్యధికులు తగ్గించారు, లేదా మానేశారు. అయితే అందులో చేరినవాళ్లు ఆ పద్ధతిని తామే ఎంచుకున్నవాళ్లు, చేయించింది ఆ సేవను అమ్మే కంపెనీ. ఆ రెండూ మనసులో పెట్టుకునే చదవాలి.

ఇంకొకటి కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే పరీక్షలో వాడింది కీటో కాదు. రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారం. ఏడాదికి 46 శాతం మంది మందులు మాని మధుమేహం లేని స్థాయికి వచ్చారు. 15 కిలోలు, అంతకు మించి బరువు తగ్గినవాళ్లలో 86 శాతం మంది వచ్చారు. అంటే దారులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు దిగితే చాలామందికి, ముఖ్యంగా జబ్బు వచ్చి కొద్ది సంవత్సరాలే అయినవాళ్లకు, ఇన్సులిన్ మళ్లీ పనికి వస్తుంది. పిండి తగ్గించడం ఆ దారుల్లో ఒకటి. మనకు అది ఎక్కువ అక్కరకొచ్చే దారి అని నేను ఎందుకు అంటున్నానంటే, మన పళ్లెం అలా ఉంది కాబట్టి. భారతీయుల కేలరీల్లో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని ఐసీఎంఆర్ సర్వే తేల్చింది. అదే సర్వే 2023లో దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లని, దాని గుమ్మంలో ఉన్నవాళ్లు 13.6 కోట్లని లెక్కకట్టింది.

ఈ పళ్లెం ఇలా ఎప్పుడయింది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా వరి డెల్టా అయింది. మెట్ట ప్రాంతాల్లో, తెలంగాణలో, రాయలసీమలో ఇంకో వందేళ్లు జొన్న, రాగి, కొర్ర నిలబడ్డాయి. అక్కడ వరన్నం పండగ తిండి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకాన్ని నేను పల్లెత్తు మాట అనను. గంజి తాగి పడుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఆకలి తీరాక పళ్లెంలో ఏం చేరాలో ఆలోచించాల్సిన పని మాది, వైద్యులది. మేము ఆలోచించలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలైంది. ఎందుకో తెలుసా? బెరిబెరి పరిశోధన కోసం. మర పట్టిన తెల్లబియ్యం తెచ్చే జబ్బు కోసం. ఆ సంస్థే 2024లో ఇచ్చిన సూచనల్లో ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం మించొద్దంది.

ఇక 2017, 2018 సంవత్సరాల సంగతి. మీకందరికీ గుర్తుంది. విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ గారు, వైద్యుడు కాని వ్యక్తి, ఊరూరా సభలు పెట్టారు. అన్నం, రొట్టె, పప్పు, పండు మానెయ్యండి, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, విటమిన్ మాత్రలు. కల్యాణ మండపాలు నిండిపోయాయి. కిరాణా కొట్లలో కొబ్బరినూనె దొరకలేదు. టీవీల్లో డాక్టర్లు తగువులాడారు. అందులో వైద్యులు లేవనెత్తిన భయాల్లో నిజమైనవి ఉన్నాయి. జనం చెప్పిన ఫలితాల్లోనూ నిజమైనవి ఉన్నాయి. ఆ రెండు నిజాలూ ఒకచోట కూర్చోలేదు. ఆ నష్టంలో నా వాటా ఉంది.

అప్పటికి నేను వేరే ఊళ్లో ప్రాక్టీసు పెట్టి చాలా ఏళ్లయింది. ఒక రైతు, యాభై దాటినవాడు, నా దగ్గరకు ఆరేడేళ్లుగా వస్తున్నాడు. ఒకరోజు లేవబోతూ, “ఆ కొవ్వు డైటు చేద్దామనుకుంటున్నానండి” అన్నాడు. నేను తలెత్తకుండానే, “వైద్యం నేను చేస్తున్నానా, యూట్యూబు చేస్తోందా?” అన్నాను. అతను ఇంకేమీ అనలేదు. ఆ వారమే మొదలుపెట్టాడు. అన్నం పూర్తిగా మానేశాడు. గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం పొద్దున్నొకటి, రాత్రొకటి వేసుకుంటూనే ఉన్నాడు. ఏమైనా సరే మాత్ర మానొద్దని నేనే చెప్పి ఉన్నాను. ఆ మాత్ర క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీయిస్తుంది, లోపలికి పిండి వచ్చినా రాకపోయినా. నాలుగో రోజు పొలం గట్టు మీద చెమటలు పట్టి, మాట తడబడి పడిపోయాడు. కూలీలు వడదెబ్బ అనుకుని నీళ్లు చల్లారు. కొడుకు మోటారు సైకిలు మీద తెచ్చేసరికి షుగరు 38. గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచాడు. అతని భార్య నాతో నెమ్మదిగానే అంది, “ఆ వేళ మాత్ర సగం చేసుకోమని ఒక్క మాట చెప్పుంటే బావుండేదండి.”

ఆ ఆదివారం డాక్టరు గారి దగ్గరకొచ్చి జరిగింది చెప్పాను. అప్పటికి ఆయన ప్రాక్టీసు మానేశారు. సోల మాత్రం బల్ల మీదే ఉంది. తిడతారనుకున్నాను. చీటీల పుస్తకం తెరిచి, ఖాళీ కాగితం మీద వేలు పెట్టి, “పై వరస అతను మార్చుకున్నాడు. కింది వరస మార్చాల్సింది నువ్వు” అన్నారు.

కాబట్టి కింది వరస గురించి వివరంగా చెప్పనివ్వండి. మీ ఇంటికెళ్లి మాత్రల డబ్బా తీసి చూసుకోండి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ ఉంటే, అన్నం తగ్గించే రోజునే వాటి మోతాదు కూడా మారాలి. తర్వాత చూద్దామంటే కుదరదు. మార్చాల్సింది మీ డాక్టరు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే పేర్లుంటే ఇంకా జాగ్రత్త. అవి చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మంచి మందులే. చవక రకాలు వచ్చాక ఊరూరా చేరాయి. అవి వేసుకుంటూ కీటో చేస్తే, షుగరు మరీ ఎక్కువ లేకుండానే కీటో ఎసిడోసిస్ రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. మీటరులో అంకె బాగానే ఉంది కదా అని ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇందాక ధీమా వద్దన్నది దీని గురించే. బీపీ మాత్రలు కూడా చూడాలి. పిండి తగ్గిన మొదటి వారాల్లో ఒంట్లోంచి ఉప్పు, నీరు బాగా పోతాయి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. టైప్ 1 వాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు సొంతంగా దీని జోలికి వెళ్లొద్దు. మిగతావాళ్లు మూడో నెలలో కొలెస్టరాల్ చూపించుకోండి. ట్రైగ్లిజరైడ్లు చాలామందిలో తగ్గుతాయి. ఎల్‌డీఎల్ కొందరిలో బాగా పెరుగుతుంది. అలా పెరిగినవాళ్లు దారి మార్చుకోవాలి. పదేళ్లు, ఇరవై ఏళ్లు కఠినమైన కీటో మీద ఉంటే ఏమవుతుందో చెప్పేంత పెద్ద పరీక్షలు ఇంతవరకూ జరగలేదు. నేను నా రోగుల్లో ఎక్కువమందిని కఠిన కీటోకు పంపకపోవడానికి అదొక కారణం.

మరి పై వరసలో ఏం రాస్తాను? బీర, ఆనప, దోస, వంకాయ, బెండ, తోటకూర, గోంగూర కడుపునిండా. గుడ్లు, చేప, కోడి. పీతలూ రొయ్యలూ మన కాల్వల్లో ఉండనే ఉన్నాయి. శాకాహారులకు పనీరు, గడ్డ పెరుగు, వేరుశనగ, నువ్వులు, కొబ్బరి, పప్పు ఒక గరిటె. పప్పులో పిండి ఉంది, అయినా మాంసం తినని ఇంట్లో మాంసకృత్తులకు అదే ఆధారం, దాన్ని పూర్తిగా తీసెయ్యను. సిరిధాన్యాల గురించి ఒక మాట. కొర్రలు, సామలు మంచివే, పీచు ఎక్కువ. కానీ వాటిలోనూ నూటికి అరవై పాళ్లకు పైగా పిండే. బియ్యం మానేసి అదే సోలతో కొర్రలు పోసుకుని, షుగరు దిగలేదేమని అడుగుతున్నారు. సోల మారలేదు కదా. బెల్లం, తేనె, జొన్న అటుకులు, ‘షుగర్ ఫ్రీ’ బిస్కట్లు కూడా ఆ లెక్కలోవే.

ఇదంతా కొనగలిగినవాళ్ల సంగతి. మన ఊళ్లో పింఛను మీద బతికే ముసలమ్మకు రేషను బియ్యం వస్తాయి, పనీరు రాదు. ఆవిడకు కీటో చెప్పడం ఆవిడ పేదరికాన్ని ఎత్తిచూపడమే అవుతుంది. డాక్టరు గారు అలాంటివాళ్లకు రెండు గిద్దలను ఒక గిద్ద చేసి, మిగిలిన చోట ఆకుకూర, రోజుకొక గుడ్డు, మజ్జిగ రాసేవారు. కూర ముందు తిని అన్నం చివర కలుపుకోమనేవారు. తిన్నాక వీధి చివరి దాకా నడిచి రమ్మనేవారు. కూరలు, మాంసకృత్తులు ముందు తిని పిండిని చివరకు నెడితే అదే భోజనానికి చక్కెర తక్కువ ఎగురుతుందని తర్వాత పరిశోధకులు కొలిచి చూపించారు. ఆయనకు మీటరు లేని రోజుల నుంచీ తెలుసు.

నా రైతు సంగతి అడుగుతారేమో. గ్లిమిపిరైడ్ ఆపించి, మెట్‌ఫార్మిన్ ఒక్కటీ ఉంచి, అతను కోరుకున్న తిండే తిననిచ్చాను. వారం వారం ఫోను చేసేవాడు. ఏడు నెలలకు హెచ్‌బీఏ1సీ తొమ్మిది పైనుంచి ఆరున్నర దగ్గరకు వచ్చింది. పదకొండు కిలోలు తగ్గాడు. ఆ తర్వాత కూతురి పెళ్లి, సంక్రాంతి, ధాన్యం ఇంటికి రావడం. మళ్లీ ఏడున్నర. ఇప్పుడు పగలు గిద్దన్నర బియ్యంతో, రాత్రి అన్నం లేకుండా ఏడు దగ్గర నిలబడ్డాడు. ఈ సభకు వచ్చాడు. మూడో వరసలో కూర్చున్నాడు. తన కథ చెప్పమని అతనే అన్నాడు.

డాక్టరు గారి పిల్లలు ఆ సోల నాకిచ్చారు. ఈ పూట భోజనాల ఏర్పాటు చూస్తున్నవాళ్లతో పొద్దున్నే మాట్లాడాను. ముందు విస్తట్లో కూరలు, పప్పు, గుడ్డు వడ్డిస్తారు. అవి సగం అయ్యాక అన్నం వస్తుంది. అన్నం గంగాళం పక్కనే సోల పెట్టించాను. గీతలు అరిగిపోయాయి గానీ వేలు పెట్టి తడిమితే తెలుస్తాయి. మాత్రల చీటీలు తెచ్చుకున్నవాళ్లు భోజనం కాగానే వెనక అరుగు మీదికి రండి, నేను అక్కడే ఉంటాను.